అడిగినా పెట్టని జావ

సూదులు తీసేటప్పుడు మ్యోంగ్‌సిమ్ ఎవరితోనూ మాట్లాడదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం నాలుగో మంచం మీద దో సాంగ్‌చిల్ ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం అతని ఎడమ చేతి మీదే చూపు నిలిపి, రెండో సూది లాగి, దూది పెట్టి, బొటనవేలితో నొక్కి పట్టింది. గట్టిగా నొక్కితే లోపల రక్తం పారడం ఆగిపోతుంది, మెత్తగా నొక్కితే దుప్పటి తడుస్తుంది. ఎంత నొక్కాలో చెప్పే మిషను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. పది నిమిషాలు అలాగే పట్టుకుని, నాళం గుయ్‌మని అదురుతోందో లేదో మిగతా వేళ్ళతో చూసుకుని, అప్పుడు పట్టీ వేసింది. కిడ్నీలు పనిచేయని మనిషికి వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు రక్తం బయటికొచ్చి, మిషనులో శుభ్రపడి, మళ్ళీ ఒంట్లోకి వెళ్ళేది ఆ చేతి దారిలోనే. ఆ అదురు ఆగిందంటే ఆ దారి మూసుకుపోయినట్టే. పందొమ్మిదేళ్ళలో తన చేతి తప్పు వల్ల ఏ ఒక్కరి అదురూ ఆగలేదని మ్యోంగ్‌సిమ్‌కి తెలుసు. ఆ మాట తను ఎవరికీ చెప్పుకోదు. ఎవరైనా మరిచిపోతే మాత్రం ఒళ్ళు మండుతుంది.

గామ్‌గోల్ పట్టణం మొత్తానికి డయాలసిస్ చేసే చోటు ప్యో డాక్టరు క్లినిక్కులోని ఆ మేడగది ఒక్కటే. పద్దెనిమిది మంచాలున్నాయి, రోగులు మాత్రం పదమూడుమందే మిగిలారు. మిగతావాళ్ళు ఏడాది కాలంలో ఒక్కొక్కరే నగరానికి మళ్ళారు. అక్కడ కొత్తగా పెట్టిన కేంద్రంవాళ్ళు ఊళ్ళోకి వ్యాను పంపుతారు, మధ్యాహ్నం మూడు కూరలతో భోజనం పెడతారు, రోగి చెల్లించాల్సిన పదో వంతు కూడా మాఫీ చేస్తారని చెప్పుకుంటారు. మిగతా తొమ్మిది వంతులూ ప్రభుత్వ బీమా కడుతుంది. డయాలసిస్ ధర దేశమంతటా ఒకటే, సర్కారు కట్టిన ధర. పైసా ఎక్కువ తీసుకోకూడదు, పైసా తక్కువా తీసుకోకూడదు. ధరలో పోటీపడే వీల్లేదు కాబట్టి పోటీ అంతా వ్యానుల్లోకీ కూరల్లోకీ వచ్చిపడింది. అదీ తప్పే, రోగిని ఆశపెట్టి లాక్కోకూడదని చట్టం ఉంది. ఆ చట్టం కాగితం క్లినిక్కు గోడ మీద అతికించి ఉంటుంది, రోగులు దాని పైనున్న కొక్కేనికి కోట్లు తగిలిస్తారు.

సాంగ్‌చిల్ మంచం దిగి చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ కిటికీ వైపు చూశాడు. అక్కడ చిన్న బల్ల దగ్గర జొమ్నే అవ్వ చెంచాతో జావ తాగుతోంది. ఈ అవ్వ కొండమీది పల్లెలో ఒంటరిగా ఉంటుంది, మొదటి బస్సుకి దిగి వస్తుంది. రాగానే బరువు చూస్తారు. రెండు పూటల మధ్య ఒంట్లో ఎంత నీరు చేరిందో బరువే చెబుతుంది. బరువు పెరిగితే మ్యోంగ్‌సిమ్ గొంతు కూడా పెరుగుతుంది. ఆ తిట్లు తప్పించుకోవడానికి, మానాల్సిన నీళ్ళు మానకుండా అన్నం మానేసే జబ్బు రోగులందరికీ ఉంది. అవ్వకి మరీను. ముందురోజు మధ్యాహ్నం నుంచీ ఏమీ తినకుండా వచ్చి, వసంతకాలంలో ఒకరోజు డయాలసిస్ అయ్యాక మెట్ల మీదే పడిపోయింది. అప్పటినుంచి మ్యోంగ్‌సిమ్ నర్సుల గదిలోని కుక్కర్లో గుప్పెడు బియ్యం వేసి, ఉప్పు లేకుండా జావ కాచి, పైన రెండు చుక్కలు నువ్వుల నూనె వేసి అవ్వ ముందు పెడుతోంది. చక్కెర పడిపోయి చెమటలు పట్టేవాళ్ళకి కూడా ఒక గిన్నె ఉంటుంది. ఇంకెవరికీ లేదు.

"నర్సమ్మా, నాకూ ఓ గిన్నె ఇవ్వరాదూ" అన్నాడు సాంగ్‌చిల్.

"మీకు లేదు పెద్దాయనా."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడుగుతూనే ఉన్నా. ఇది మూడోసారి."

"ముప్పైసార్లు అడిగినా ఇదే మాట. ఇంట్లో మీ కోడలు అన్నం వండి ఎదురుచూస్తూ ఉంటుంది. అవ్వకి నేను పెట్టేది మందు. మీకు పెట్టానంటే అది ఎర."

"ఎరేంటి, నేనేమన్నా చేపనా?"

మంచాల మీంచి నలుగురైదుగురు నవ్వారు. మ్యోంగ్‌సిమ్ నవ్వలేదు. మీకు పెడితే మిమ్మల్ని కొన్నట్టవుతుందని విడమరిచి చెప్పి, రక్తం అంటిన ట్యూబులు చుట్టి పసుపు డబ్బాలో పడేసింది. నగరంలో అయితే మూడు కూరలతో పెడతారట, అక్కడికే పోతానన్నాడు సాంగ్‌చిల్. పొండి అంది ఆమె. అతను కోటు తీసుకుని, గుండీలు ఒకటి పైన ఒకటి తప్పుగా పెట్టుకుని వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళు కౌంటీ బస్సు నడిపిన మనిషి. ఊళ్ళో అతన్ని ఎరగని ఇల్లు లేదు. ఆ వైపు మనిషి ఎదురుపడితే ముందు అడిగేది తిన్నావా అనే. శత్రువు ఇంటికి వచ్చినా గిన్నె పెట్టకుండా పంపరు. అలాంటి ఊళ్ళో పదిమంది చూస్తుండగా గిన్నె లేదనిపించుకోవడం చిన్న విషయం కాదు. ఆ సంగతి మ్యోంగ్‌సిమ్‌కీ తెలుసు. అయినా డబ్బా మూత వేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

*

సోమవారం ఆరున్నరకే నాలుగో మంచం పక్కన మిషను సిద్ధం చేసింది. కొత్త ఫిల్టరు బిగించి, ట్యూబుల్లో సెలైన్ వదిలి, గాలి బుడగలు పోయేదాకా ఫిల్టరుని అరచేత్తో తట్టింది. సాంగ్‌చిల్ ఎప్పుడూ ఏడుకి ఐదు నిమిషాల ముందే వస్తాడు. బస్సు నడిపిన రోజుల అలవాటు. ఏడైంది, ఏడుంబావు అయింది. జొమ్నే అవ్వ మెట్లెక్కి వచ్చి, బరువు చూసే మిషను మీద నిలబడే ముందు చెప్పులూ కోటూ స్వెట్టరూ అన్నీ విప్పేసి, ఊపిరి బిగబట్టి బరువు చూపించుకుంది. తర్వాత గానీ నోరు విప్పలేదు.

సాంగ్‌చిల్ వ్యానెక్కాడని చెప్పింది అవ్వ. బస్సు స్టాపులో తన కళ్ళముందే ఎక్కాడట. డ్రైవరు దిగి వచ్చి తలుపు తీశాడట. తనని చూసి, ముప్పై ఏళ్ళు ఊరందర్నీ నేను మోశా, ఇప్పుడు నన్ను మోసేవాళ్ళొచ్చారు అని, తేలు కుట్టిన దొంగలా మొహం తిప్పుకున్నాడట.

మ్యోంగ్‌సిమ్ నాలుగో మంచం దగ్గరికి వెళ్ళి, సిద్ధం చేసిన ట్యూబులన్నీ ఊడదీసింది. ఒకరికి బిగించినవి ఇంకొకరికి వాడరు, కాబట్టి అవన్నీ చెత్తలోకి పోవాల్సిందే.

పదింటికి ప్యో డాక్టరు పైకి వచ్చాడు. అరవై దాటిన మనిషి, రోగుల పట్ల మంచివాడు, భయస్థుడు. ఖాళీ మంచం చూసి ఆమెని పక్కకి పిలిచాడు.

"పన్నెండుమందే మిగిలారు. ఇంకొకరు తగ్గినా ఈ గది నడపలేనని నీకు ముందే చెప్పా. ఓ గిన్నె జావే కదమ్మా, పోసుండాల్సింది."

"గిన్నె జావకి ఉండిపోయేవాడు, రేపు రెండు గిన్నెలు పోసేవాడి దగ్గరికి పోడా డాక్టరుగారూ?"

డాక్టరు గోడ మీద వేలాడుతున్న ఫలకం వైపు చూశాడు. సర్కారువాళ్ళు దేశంలోని డయాలసిస్ గదులన్నిటినీ పరీక్షించి ఇచ్చే మొదటి శ్రేణి అది. గామ్‌గోల్ గదికి వరసగా నాలుగుసార్లు వచ్చింది. నీళ్ళ పరీక్ష తేదీ తప్పకుండా చేసిందీ, ఒక్కో నర్సుకి ఇంతకంటే ఎక్కువమంది రోగులు ఉండకూడదని డాక్టరుతో పోట్లాడిందీ మ్యోంగ్‌సిమే. ఫలకం మీద డాక్టరు పేరుంది. ఆ విషయంలో ఆమెకి బాధ లేదు, చేతులకి పేర్లు రాయరు కదా అంటుంది.

కానీ ఆ రోజంతా ఆమె మనసు నాలుగో మంచం చుట్టూనే తిరిగింది. సాంగ్‌చిల్ నాళం మోచేతి దగ్గర మెలిక తిరిగి ఉంటుంది. సూదిని మామూలుగా గుచ్చితే పక్కకి జారిపోతుంది. కాస్త ఏటవాలుగా, కింది నుంచి పైకి, అతన్ని దగ్గమని చెప్పి దగ్గు మధ్యలో గుచ్చాలి. ఆ కిటుకు ఏ కాగితం మీదా రాసి లేదు. నగరానికి ఫోను చేసి చెబుదామా అనుకుని, ఫోను చేతిలోకి తీసుకుని, పెట్టేసింది. పొమ్మన్నది తనే కదా.

*

బుధవారం పదింటికి కౌంటీ ఆరోగ్య కార్యాలయం నుంచి సొక్ హ్యేరిన్ అనే అధికారిణి వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. బూట్లు విప్పి, క్లినిక్కు చెప్పులు వేసుకుని, ముందు చేతులు కడుక్కుంది. ఆ ఒక్క పనికే మ్యోంగ్‌సిమ్‌కి ఆమె మీద సగం గౌరవం కలిగింది. తర్వాత సంచిలోంచి కాగితం తీసింది.

ఈ క్లినిక్కులో రోగులకి ఉచితంగా భోజనం పెడుతున్నారని ఫిర్యాదు వచ్చింది. నిజమని తేలితే రోగుల్ని ఆశపెట్టి లాక్కున్నట్టు లెక్క. డాక్టరు లైసెన్సు రెండు నెలలు ఆగిపోతుంది. అధికారిణి ఇవన్నీ మెత్తగానే చెప్పింది. ప్యో డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు నెలలు గది మూతపడితే పన్నెండుమందీ నగరం వ్యానెక్కక తప్పదు. రక్తం రెండు నెలలు ఆగదు. ఒకసారి ఆ వ్యానెక్కినవాళ్ళు మళ్ళీ దిగరు. అంటే మూసేది రెండు నెలలకి కాదు, ఎప్పటికీ.

అధికారిణి కింద డాక్టరు గదిలో రికార్డులు చూస్తుండగా పైన రోగులు కుట్ర మొదలుపెట్టారు. సూదులతో కట్టేసినట్టు పడుకుని ఉన్నవాళ్ళు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి మాటలు దాటించారు. జావా, జావేంటి, మేం చూడలేదు అందామని ఒకాయన. అవ్వే ఇంటినుంచి తెచ్చుకుంటుంది అని చెబుదామని ఇంకొకావిడ. జొమ్నే అవ్వ ఇంకో అడుగు ముందుకేసి, తన పెరట్లో వెల్లుల్లి ఏటా నర్సమ్మకి ఇస్తుందనీ, జావ దానికి బదులనీ, ఇచ్చిపుచ్చుకోవడం తప్పయితే పెళ్ళిళ్ళన్నీ తప్పేననీ వాదన సిద్ధం చేసుకుంది. నగరంలో వ్యాన్లు తిప్పేవాళ్ళని వదిలేసి గుప్పెడు బియ్యం మీదికి వచ్చారా అని అందరికీ కడుపుమంటగా ఉంది. మ్యోంగ్‌సిమ్ మంచం మంచానికీ వెళ్ళి రక్తపోటు చూసింది. అందరికీ పది పాయింట్లు పెరిగింది.

"మీరెవ్వరూ ఏమీ చెప్పొద్దు. అడిగితే నిజం చెప్పండి" అంది.

"నిజం చెబితే నీ కొంప మునుగుతుందే పిల్లా" అంది అవ్వ.

"మునిగితే ఈత కొడదాం. అబద్ధం మీద నేను సూది వెయ్యలేనవ్వా."

అధికారిణి పైకి రాగానే మ్యోంగ్‌సిమ్ ఆమెని నర్సుల గదిలోకి తీసుకెళ్ళి కుక్కరు మూత తీసి చూపించింది. బియ్యం తన ఇంటివనీ, డాక్టరుకి తెలిసినా ఆయన చెప్పింది కాదనీ, ఎవరికి పెడుతుందో, ఎందుకు పెడుతుందో చెప్పింది. సొక్ హ్యేరిన్ రాసుకుంది. రాస్తూ రాస్తూ ఒకసారి కలం ఆపి, ఇవన్నీ మీరు ఇంత వివరంగా చెప్పాల్సిన అవసరం లేదేమో అంది. చెప్పాల్సిందేనంది మ్యోంగ్‌సిమ్.

శుక్రవారం మళ్ళీ వచ్చి రోగుల వాంగ్మూలాలు తీసుకుంటానని, ఫిర్యాదు పూర్తి కాగితం ఇంకా పైనుంచి రాలేదని, తన దగ్గరున్నది సారాంశమేనని చెప్పి అధికారిణి వెళ్ళింది. సాయంత్రం డాక్టరు ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు. తనకి తెలియకుండా పెద్ద నర్సు సొంతంగా ఈ తప్పు చేసిందని అందులో ఉంది. కిందికి చూస్తూ కాగితం ఆమె ముందుకి జరిపాడు. మ్యోంగ్‌సిమ్ రెండుసార్లు చదివింది. కలం తీసి 'తనకి తెలియకుండా' అన్న మాటలు కొట్టేసింది. తర్వాత 'తప్పు' అన్న మాట కొట్టేసి, పైన 'పని' అని రాసి సంతకం పెట్టింది.

"నేనే పెట్టానని ఎన్ని కాగితాల మీదైనా రాస్తా డాక్టరుగారూ. తప్పు చేశానని మాత్రం రాయను."

డాక్టరు ఆ కొట్టివేతలు చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

*

శుక్రవారం ఏడుకి ఐదు నిమిషాల ముందు మెట్ల మీద జొమ్నే అవ్వ అడుగుల చప్పుడు వినిపించింది. వెనకాల ఇంకో జత బరువైన అడుగులు. అవ్వ గుమ్మంలో పక్కకి తప్పుకుంది. వెనక సాంగ్‌చిల్ నిలబడి ఉన్నాడు. ఎడమ చెయ్యి కోటులో దూర్చలేదు, ఆ భుజం మీద కోటు ఊరికే వేసుకున్నాడు.

"వీడికి నేనేం చెప్పలేదు. బస్సు స్టాపులో నా ఏడుపు నేను ఏడిచా. గది మూసేస్తున్నారంట, డాక్టరు లైసెన్సు పీకేస్తున్నారంట అని. వ్యానొచ్చింది. ఎక్కలేదు. నా వెనకే బస్సెక్కాడు" అంది అవ్వ.

మ్యోంగ్‌సిమ్ కోటు తొలగించి చూసింది. మోచేతి నుంచి భుజం దాకా చెయ్యి నల్లగా కమిలి వాచి ఉంది. గుచ్చిన గుర్తుల్లో మూడు పక్కకి జారినవే. ఆ చేతిని ఏళ్ళ తరబడి కాపాడుకుంటూ వచ్చింది తను. వేలు పెట్టి చూసింది. కమిలిన చర్మం కింద, బాగా లోపల, అదురు ఉంది. సన్నగా, కానీ ఉంది.

"బరువు ఎక్కండి."

నాలుగు కిలోల మూడు వందల గ్రాములు పెరిగాడు. ఏం తిన్నారని అడిగింది. అక్కడి భోజనమేనన్నాడు. సోయా పులుసు, ఉప్పులో ఊరిన చేప, రెండుసార్లు కిమ్చీ పచ్చడి. బాగుందన్నాడు తల వంచుకుని. ఉప్పుకి దాహం, దాహానికి నీళ్ళు. మ్యోంగ్‌సిమ్‌కి గొంతుదాకా తిట్లు వచ్చాయి. పది నిమిషాల పని ఐదు నిమిషాల్లో చేసి మిషను సిద్ధం చేసింది. తిట్టడానికి నాలుగు గంటలుంటుంది, నీరు మాత్రం అంతసేపు ఆగదు.

ఆ జారిన గుర్తులకి రెండు వేళ్ళు పైన నాళాన్ని వెతికి పట్టుకుంది. చేతిని తలగడ మీద కాస్త తిప్పి పెట్టింది. మిగతా ఇద్దరు నర్సులూ చూస్తున్నారు, మంచాల మీంచి రోగులూ చూస్తున్నారు. దగ్గండి అంది. అతను దగ్గాడు. ఆ దగ్గు మధ్యలో సూది లోపలికి వెళ్ళింది, ట్యూబులో ఎర్రగా పొంగింది. సాంగ్‌చిల్ మొహం కూడా చిట్లించలేదు. కళ్ళు మాత్రం మూసుకున్నాడు.

తొమ్మిదింటికి సొక్ హ్యేరిన్ వచ్చింది. ఈసారి ఆమె సంచిలో రెండు పేజీల కాగితం ఉంది. మంచం మంచం దగ్గరా స్టూలు వేసుకుని కూర్చుని అడిగింది. రోగులు నిజమే చెప్పారు. అవ్వ కూడా వెల్లుల్లి సంగతి పక్కన పెట్టి, పడిపోయిన రోజు గురించి మాత్రం చెప్పింది. ప్యో డాక్టరు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అధికారిణి నాలుగో మంచం దగ్గరికి వచ్చేసరికి సాంగ్‌చిల్ కళ్ళు తెరిచాడు.

"ఆ కాగితం రాసింది నేనే" అన్నాడు.

మీరు చెప్పక్కర్లేదు, ఎవరు రాశారో బయటపెట్టకూడదని నిబంధన ఉంది అంది అధికారిణి గబగబా.

"నువ్వు బయటపెట్టలేదమ్మా, నేనే పెట్టుకున్నా. మొదటి ముక్క ఒక్కటే చదివి డాక్టరు మెడకి చుట్టారంట కదా. మొత్తం చదువు. అందరూ వినేలా చదువు."

సొక్ హ్యేరిన్ ఒకసారి మ్యోంగ్‌సిమ్ వైపు చూసింది. మ్యోంగ్‌సిమ్ మిషను మీద అంకెలు చూస్తూ నిలబడింది, అటు తిరగలేదు. అధికారిణి చదివింది.

"'ఈ గదిలో పెద్ద నర్సు రోగులకి ఉచితంగా తిండి పెడుతుంది. కానీ అందరికీ పెట్టదు. ఇంట్లో దిక్కులేనివాళ్ళకీ, చక్కెర పడిపోయినవాళ్ళకీ మాత్రమే పెడుతుంది. నేను మూడుసార్లు అడిగాను. మీకు పెడితే కొన్నట్టవుతుంది అంది. వేరే చోటికి పోతానన్నాను. పొమ్మంది. ముప్పై ఏళ్ళు ఈ ఊరికి బస్సు నడిపినవాణ్ణి పదిమంది ముందు అవమానించింది. కాబట్టి అధికారులు ఆమెని పిలిపించి, అందరికీ సమానంగా పెట్టమని గట్టిగా మందలించవలసిందిగా ప్రార్థన.'"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సొక్ హ్యేరిన్ చివరి వాక్యం ఇంకోసారి తనలో తను చదువుకుంది. పదకొండేళ్ళ ఉద్యోగంలో, తిండి పెట్టలేదని వచ్చిన ఫిర్యాదుని తిండి పెట్టారన్న నేరం కింద విచారించడం ఆమెకి ఇదే మొదటిసారి. ఎక్కడో పై ఆఫీసులో ఎవరో ఒకరు మొదటి వాక్యం చూసి సారాంశం రాసేశారు. ఎర వేసి లాక్కోవడం కదా నేరం, ఇక్కడ గిన్నెడు జావ కోసం చేతిలో ఉన్న రోగిని పోగొట్టుకున్నారు, ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు దొరకదు అంది అధికారిణి. పన్నెండో రోగి పోతే గది మూసుకోవాల్సిన చోట, అని డాక్టరు గుమ్మంలోంచి మెల్లిగా చేర్చాడు.

"ఒక్క మాట మందలిస్తారనుకున్నా. ఇంత దూరం వస్తుందనుకోలేదు" అన్నాడు సాంగ్‌చిల్, పైకప్పు వైపు చూస్తూ.

అధికారిణి కొత్త కాగితం తీసింది. ఇప్పుడు మీరు ఎక్కడ డయాలసిస్ చేయించుకుంటున్నారు, అక్కడ మీకేం ఇచ్చారు అని అడిగింది. జవాబు చెప్పడం మీ ఇష్టం అని కూడా అంది.

ఇది అతను అనుకోని ప్రశ్న. చెబితే ఆ వ్యాను ఇక తన కోసం రాదు. ఆ భోజనం ఉండదు, మాఫీ ఉండదు. అక్కడికి వెళ్తున్న పాత స్నేహితులు బజారులో ఎదురుపడితే ఏమంటారో తెలియదు. చెప్పకపోతే ఎవరూ తప్పుపట్టరు. మ్యోంగ్‌సిమ్ కూడా పట్టదు. ఆమె మొదటిసారి మిషను మీంచి చూపు తిప్పి అతని మొహంలోకి చూసింది. చెప్పమనీ లేదు ఆ చూపులో, వద్దనీ లేదు.

సాంగ్‌చిల్ కుడి చేత్తో దుప్పటి సరిచేసుకున్నాడు.

"రాసుకో. దో సాంగ్‌చిల్. గామ్‌గోల్ బస్సు డ్రైవరు, రిటైరయ్యాడు. సోమవారం, బుధవారం వ్యానులో తీసుకెళ్ళారు, భోజనం పెట్టారు, డబ్బులు వద్దన్నారు. ముప్పై ఏళ్ళలో ఒక్కణ్ణి కూడా టిక్కెట్టు లేకుండా బస్సెక్కించలేదు నేను. మా అన్న ఎక్కితే అన్నకి కూడా కొట్టా. ఈ వారం నేనే టిక్కెట్టు లేకుండా తిరిగా. అదీ రాయి."

అధికారిణి అదీ రాసింది. చదివి వినిపించి, అతని కుడి చేతికి కలం ఇచ్చింది. పడుకునే, ఛాతీ మీద అట్ట పెట్టుకుని, వంకర టింకరగా సంతకం పెట్టాడు. కాగితం అందుకుంటూ ఆమె లేచి నిలబడి తల వంచింది. అధికారులు రోగి మంచం దగ్గర అలా తల వంచడం ఆ గదిలో ఎవరూ చూడలేదు.

వెళ్ళేముందు నర్సుల గదిలో మ్యోంగ్‌సిమ్‌తో మాట్లాడింది. ఇక్కడ లాక్కోవడం జరగలేదని రాస్తానంది. నగరం సంగతి వచ్చే వారం తనే వెళ్ళి చూస్తానంది. జావ మాత్రం ఇలా ఊరికే పెట్టొద్దనీ, ఎవరికి అవసరమో డాక్టరు పరీక్షించి చీటీలో రాసి, చార్టులో ఎక్కించి పెట్టమనీ చెప్పింది. మందు అన్నారు కదా, మందుని మందులాగే రాయండి అంది. మ్యోంగ్‌సిమ్‌కి ఆ మాట నచ్చింది. చట్టం తెలిసినవాళ్ళల్లో పని తెలిసినవాళ్ళు కూడా ఉన్నారన్నమాట. అధికారిణి వెళ్ళిపోయాక తలుపు దగ్గరికి వేసి, సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ రెండు నిమిషాలు ఏడిచింది. బాధకి కాదు. తన గది తనకి మిగిలినందుకు, దాన్ని మిగిల్చిన సాంగ్‌చిల్ మీద గర్వంగా ఉన్నందుకు. తర్వాత మొహం తుడుచుకుని, అవ్వకి గిన్నె తీసుకెళ్ళింది. ఆ గిన్నె కింద డాక్టరు చేతిరాతతో మొదటి చీటీ ఉంది.

పదకొండున్నరకి సాంగ్‌చిల్ మిషను ఆగింది. ఆమె వచ్చి కూర్చుంది. మొదటి సూది తీసి నొక్కి పట్టింది, తర్వాత రెండోది. కమిలిన చెయ్యి కాబట్టి ఈసారి పది నిమిషాలు కాదు, పదిహేను పట్టింది. కిటికీ దగ్గర అవ్వ చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు, నువ్వుల నూనె వాసన. సాంగ్‌చిల్ అటు చూడలేదు. పట్టీ వేశాక మంచం దిగి, కుడి చేత్తో కోటు తీసుకున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి ఆమె సాయం చేస్తుంటే వద్దనలేదు.

"సోమవారం ఏడింటికి. ఆలస్యమైతే ఆగను" అంది మ్యోంగ్‌సిమ్.

"బస్సు టైముకే వస్తా."

పై గుండీ పెడుతూ ఆమె గొంతు తగ్గించింది.

"ఇవాళ అడిగినా పెట్టేదాన్ని కాదు పెద్దాయనా."

"తెలుసు" అన్నాడు సాంగ్‌చిల్. "అందుకేగా వచ్చింది."